పావియా పట్టణపు శస్త్రము

క్రీ. శ. 1876 వ సంవత్సరము మే నెల 21 వ తేదీని ఇటలీ దేశమందలి పావియా పట్టణపు ఆసుపత్రిలో జూలియా కవల్లీనీ యను నిరువదియైదేండ్ల స్త్రీ తొలికాన్పునకై బల్లమీద పరుండెను. ఆమె ఐదడుగుల యెత్తైనను లేని కురుచ మనిషి. బాల్యమున ఎముకలు మెత్తబడు రోగము సోకుటచే ఆమె కటివలయము వంకరపోయి, బిడ్డ వెలువడవలసిన మార్గము ముందువెనుకల నాలుగు సెంటీమీటర్లకు మించకుండెను. సామాన్యస్త్రీకి ఆ కొలత పదునొకండు సెంటీమీటర్ల ప్రాంతమున నుండును. నిండునెలల బిడ్డతల అడ్డుకొలతయే తొమ్మిదింటికి మించును. కావున ఆ బిడ్డ సహజమార్గమున జన్మించుట కల్ల. కడుపు కోయక తప్పదు. అయితే ఆ యాసుపత్రిలో అంతకుముందు కడుపు కోయించుకొని బ్రదికి యింటికిఁ బోయిన తల్లి యొక్కతెయు లేదు.

ఎడ్వర్డో పొర్రో యను వైద్యుడు ఆ చోట ప్రసూతివైద్యమునకు ఆచార్యుడై వచ్చి యప్పటికి ఏడాది మాత్రమే యయ్యెను. వయస్సు ముప్పదిమూఁడు. ఆయన క్లోరోఫారము నిప్పించి, చేతులను కార్బాలికు ద్రావకముతో కడిగికొని, ఉదరమును గర్భాశయమును కోసి 3300 గ్రాముల బరువుగల ఆడుబిడ్డను సజీవముగ వెలికిఁ దీసెను. తరువాత రక్తము పొంగి వచ్చెను. అదియు ఆయన యెదురుచూచినదే. ముందుగా సిద్ధపరచి యుంచిన ఇనుపతీగ ఉచ్చును గర్భాశయపు మెడకు బిగించి, దానికి పైనున్న భాగమునంతయు ఎడమ అండకోశముతోఁగూడ కోసి తీసివైచెను. మిగిలిన మోడును ఉదరమునందలి కోతలో, వెలుపలికిఁ గనబడునట్లు నిలిపి కుట్టెను. జూలియాకు కొన్నాళ్లు జ్వరము వచ్చెను గాని ప్రాణము నిలిచెను. కొన్నివారములకు బిడ్డతోఁగూడ ఆసుపత్రి విడిచెను.

కాన్పునందు గర్భాశయమును దీసివేయుట యను శస్త్రమునకు లోకమున ఖ్యాతి వచ్చినది ఆ దినమునుండి. నేఁడును మన జిల్లా ఆసుపత్రులలో అర్ధరాత్రమున వైద్యురాలు వెలుపలికి వచ్చి, "రక్తము ఆగుటలేదు, గర్భసంచి తీయవలసియున్నది, సంతకము చేయుఁడు" అని భర్తనో తల్లినో అడుగునప్పుడు ఆమె తలపెట్టినది ఆ శస్త్రపు సంతతియే. దీని చరిత్ర వైద్యులకు మాత్రమే సంబంధించిన దనుకొనుట పొరబాటు. ఏ యింటి ముంగిటనైనను ఈ ప్రశ్న వచ్చి నిలువవచ్చును.

అంతకుముందు కడుపు కోసినచో తల్లి ఏల చనిపోవుచుండెడిదో మొదట తెలిసికొనవలెను. ఇంగ్లండు ఐర్లండులలో 1865 నాఁటికి అట్లు కోయించుకొనిన తల్లులలో నూటికి 85 గురు మరణించిరి. పారిసు నగరమున 1787 మొదలు 1876 వఱకు ఒక్క తల్లియు బ్రదుకలేదని ఆ దేశపు వైద్యులే వ్రాసికొనిరి. మన భాషలో బిడ్డను గోల్పోయిన దుఃఖమునకు కడుపుకోత యను పేరు కలదు. ఆ యూరపు వైద్యుల చేతిలో నా మాటకు అక్షరార్థమే కలిగెను. కాని అక్కడ పోవునది తల్లి.

మరణకారణములు రెండు: రక్తస్రావము, విషజ్వరము. నిండుచూలాలి గర్భాశయమునకు నిమిషమునకు ఇంచుమించు అరలీటరు మొదలు ముప్పావులీటరు వఱకు రక్తము పాఱుచుండును. మాయ విడివడినంతనే ఆ రక్తనాళములన్నియు నోళ్లు తెఱచుకొని యుండును. వానిని మూయునది కుట్టు గాదు, మందు గాదు, గర్భాశయపు కండయే. దాని పోగులు అల్లికవలె ఒకదానినొకటి దాటుచుండుటచే, అది ముడుచుకొనినప్పుడు నడుమనున్న నాళములు నొక్కుకొనిపోయి రక్తము నిలుచును. ప్రకృతి చేసిన యీ యేర్పాటు సరిగా పనిచేసినచో ఏ వైద్యుడును అక్కఱలేదు. కండ అలసి సడలినను, చీలినను, మాయ లోఁతుగ పాఁతుకొని విడివడకున్నను పదినిమిషములలో తల్లి పాలిపోవును. ఇఁక కోసిన గర్భాశయమును నాఁటి వైద్యులు కుట్టెడివారు కారు. కుట్లు నిలువవనియు, లోపల చీముపట్టుననియు వారి నమ్మకము. తెఱచియుంచిన గాయమునుండి రక్తమును మురికియు ఉదరములోనికి దిగెడివి. రెండుమూడు దినములు జ్వరపడి తల్లి మరణించెడిది.

ఆ జ్వరము చేతులవలన వచ్చునని వియన్నాలో సెమ్మెల్వైస్ అను వైద్యుడు 1847 లోనే కనిపెట్టెను. శవములను కోసిన చేతులతోనే విద్యార్థులు గర్భిణులను పరీక్షించుట మాన్పించి, సున్నపు క్లోరైడు నీటితో చేతులు కడిగించెను. 1846 లో ఆ విభాగమున నూటికి 11 మందికి పైగా చనిపోయిన తల్లులు 1848 లో నూటికి ఒకరిద్దఱికి దిగిరి. పెద్దలు ఆయనను పరిహసించిరి. చేతులు కడుగుకొనుఁడని చెప్పుట వైద్యుల గౌరవమునకు భంగమని తలఁచిన ఆచార్యులు ఉండిరన్న, శాస్త్రజ్ఞులకు ఆచారబద్ధత లేదనువారు ఒకసారి తలవంచుకొనవలెను. మఱి యిరువదేండ్లకు, 1867 లో, లిస్టరు కార్బాలికు ఆమ్లపు పద్ధతిని ప్రకటించినపిమ్మటనే శస్త్రశాలలకు శుభ్రత వచ్చెను. పొర్రో చేతులకు తగిలిన ద్రావకము అదియే.

పొర్రో యుక్తి యొక్కదెబ్బతో రెండు మృత్యుద్వారములను మూసెను. రక్తము కాఱు అవయవమే లేకపోయినచో రక్తస్రావము లేదు. చీముపట్టు గాయము ఉదరములోపల లేకపోయినచో విషజ్వరమునకు తావు తక్కువ. మోడును వెలుపల నిలుపుటలోని రహస్య మదియే. ఈ యాలోచన పూర్తిగా క్రొత్తది గాదు. 1768 లో ఫ్లారెన్సున నొకఁడు జంతువుల గర్భాశయములను దీసి, అవి బ్రదుకుననియు, కావున నది ప్రాణమునకు అత్యవసరము గాదనియు చూపెను; విచిత్రముగ నాతని యింటిపేరును కవల్లీనియే. లండనున బ్లండెల్ అను నాయన కుందేళ్లపై నదే పరీక్ష చేసెను. పొర్రోకు కొన్నియేండ్లకు ముందు అమెరికాలోని బాస్టనునందు స్టోరరు అను వైద్యుడు ఒక తల్లికి ఆ శస్త్రమే చేసెను గాని ఆమె మూఁడుదినములు నిలువలేదు. పొర్రో గొప్పతనము ముందు యోచించి, సాధనములు సిద్ధపరచి, చేసినదానిని ఆ యేఁటనే గ్రంథముగ ప్రకటించుటలో నున్నది. దానిని చదివి యూరపునందలి వైద్యులనేకులు ఆ మార్గము త్రొక్కిరి. తల్లుల మరణము తగ్గెను. అయినను చాలకాలము సగమునకు దగ్గఱగనే యుండెను. నూటికి ఎనుబదియైదు పోవుచోట ఏఁబది పోవుటయే నాఁడు గొప్ప విజయము.

ఈ ప్రాణమునకు చెల్లించిన వెల యేమి? జూలియా ఇఁక తల్లి కాఁజాలదు. ఇరువదియైదేండ్ల స్త్రీకి ఇది చిన్నమాట గాదు. అయితే ఆ కటివలయముతో ఆమెకు మఱియొక కాన్పు వచ్చియుండినచో అదే మృత్యుముఖమునకు మరల పోవలసియుండెడిది గదా యని పొర్రో పక్షమువారు వాదించిరి. రెండవమార్గ మొకటి ఆ కాలమున వాడుకలో నుండెను: గర్భములోనే శిశువు తలను చితుకఁగొట్టి ముక్కలుగ దీయుట. కాథలికు మతాధికారులు 1884 లో ఆ పద్ధతిని సమ్మతమని బోధింపరాదని నిర్ణయించిరి. తల్లియా, బిడ్డయా యను ధర్మసంకటమును శాస్త్రజ్ఞులు, మతాచార్యులు, ధర్మశాస్త్రవేత్తలు తఱచి తఱచి విచారించిరి. పురుషుల ఆ సభలలో తల్లి మాట యెవఁడైన నడిగెనేమో యని వెదకువారికి కనఁబడునది మిక్కిలి స్వల్పము.

ఈ శస్త్రపు ప్రథమవైభవము ఆఱేండ్లు మాత్రమే నిలిచెను. 1882 లో లైప్సిగు పట్టణమున మాక్సు సెంగెరు అను యువవైద్యుడు గర్భాశయపు గాయమును వెండితీగతోను పట్టుదారముతోను పొరలుపొరలుగ కుట్టవచ్చునని చూపెను. ఆయనకు ముందటి యేఁడే కేరరు అను మఱియొక జర్మను వైద్యుడు అట్టి కుట్టునే సాధించెను. కుట్టు నిలిచెను, తల్లి నిలిచెను, గర్భాశయమును నిలిచెను. 1888 లో గ్లాస్గో పట్టణమున మర్డాకు కామెరాను అట్లే ఎముకలు వంగిన కురుచ స్త్రీకి కడుపు కోసి, కుట్టి, తల్లిని బిడ్డను కాపాడెను. నాఁటినుండి గర్భాశయమును దీసివేయుట యను పని మొదటి వరుసనుండి కడపటి వరుసకు పోయెను. అన్ని యుపాయములు తప్పినపిమ్మట ప్రాణరక్షణకై చేయు అత్యవసరశస్త్రముగ అది మిగిలెను. నా యభిప్రాయమున శస్త్రములకు ఇంతకంటె గౌరవనీయమగు వార్ధక్యము లేదు.

జూలియా యెముకలు ఏల వంగెను? పల్లెలనుండి పారిశ్రామికపట్టణములవఱకు ఐరోపా బీదలలో వ్యాపించిన ఆ రోగమునకు కారణము సూర్యరశ్మి లేమి, ఆహారలోపము. 'డి' విటమిను సంగతి 1920 ప్రాంతముల తేటపడెను. మన దేశమున ఇది మఱియొక వేషమున నుండెను. కాశ్మీరమున శ్రీనగరపు స్త్రీల యాసుపత్రిలో పనిచేసిన కాథ్లీన్ వాన్ అను వైద్యురాలు 1928 లో నొక పుస్తకము వ్రాసి, వెలుగు సోఁకని అంతఃపురములలో పెరిగిన పర్దాస్త్రీలకు యౌవనమున ఎముకలు మెత్తబడి, కటివలయము ముడుచుకొని, కాన్పులు ప్రాణాంతకము లగుచున్నవని చూపెను. పొలములలో పనిచేయు స్త్రీలకు ఈ బాధ అంతగా లేకుండెను. మానమర్యాదలకై కట్టిన గోడ ప్రసూతిశయ్యపై స్త్రీకి శత్రువై నిలిచిన దన్నమాట. గోషాయను పేరుతో తెలుగువారి యిండ్లలోను కొన్ని కులములయందు ఈ గోడ యుండెను. చెన్నపట్టణమున కులస్త్రీలకు గోషాస్త్రీలకు ప్రత్యేకముగ 1885 లో ఆసుపత్రి నెలకొల్పవలసివచ్చుటయు అందుచేతనే. దానిని నెలకొల్పిన మేరీ షార్లీబు 1875 లో చెన్నపట్టణపు వైద్యకళాశాలలో ప్రవేశించిన తొలి స్త్రీలలో నొకతె. గుంటూరునకు 1883 లో వచ్చిన ఆనా కుగ్లరు సంగతి తెలుగుచదువరు లెఱుఁగుదురు.

ఇరువదవ శతాబ్దమున మూఁడు వస్తువులు ఈ కథను మార్చివైచెను. మొదటిది, రక్తము. కాన్పునందు నెత్తురు గోల్పోయిన తల్లికి మఱియొకరి నెత్తురు ఎక్కించి బ్రదికించిన వృత్తాంతమును పైఁ జెప్పిన బ్లండెల్ 1829 లోనే ప్రకటించెను. కాని రక్తవర్గముల భేదమును లాండుస్టైనరు 1901 లో కనుగొనువఱకు అది జూదము. 1930 తరువాత రక్తనిధులు ఏర్పడెను. రెండవది, గర్భాశయమును ముడుచుకొనఁజేయు మందు. రై ధాన్యమునకు పట్టు బూజును ఐరోపా మంత్రసానులు తరతరములుగ వాడుచుండిరి. 1935 లో లండనున మొయిరు, డడ్లీ యను నిరువురు దానిలోని సారమును వేఱుపఱచి ఎర్గోమెట్రిను అని పేరు పెట్టిరి. చదువులేని మంత్రసాని యెఱిఁగిన గుణమును పట్టభద్రులు సీసాలోనికి దింపిరి. మూఁడవది, 1936 లో కోల్‌బ్రూకు అను వైద్యుడు ప్రసూతిజ్వరమునకు వాడి గెలిచిన సల్ఫా మందు. ఈ మూఁడింటితో కాన్పుమరణములు పాశ్చాత్యదేశములలో నిలువున దిగెను.

మందు, రక్తము, నేర్పరి చేయి మూఁడును సమయమునకు అందినచోట గర్భాశయమును దీయవలసిన యవసరము అరుదుగా వచ్చును. అవి అందనిచోట రెండు విధములు జరుగును: శస్త్రశాలయే లేకపోయినచో తల్లి మరణించును, శస్త్రశాలయుండి తక్కినవి ఆలసించినచో గర్భాశయము పోవును. కావున నొక యాసుపత్రిలో ఇట్టి శస్త్రము లెన్ని జరిగినవను లెక్కను మాత్రమే చూచి మెచ్చుకొనుటయు తప్పు, నిందించుటయు తప్పు. దూరమునుండి బండిమీద చావుబ్రదుకులలో వచ్చిన తల్లికి వెంటనే ఆ శస్త్రము చేసి నిలిపిన వైద్యురాలు చేతులెత్తి నమస్కరింపఁదగినది. సంకోచించి, మఱికొంతసేపు చూతమని ఆలసించి, రక్తమంతయు పోయినపిమ్మట కోసినచో గర్భాశయమును పోవును, తల్లియు పోవును. అదే శస్త్రము, ఆసుపత్రిలోనే యున్న తల్లికి గంటలకొలఁది రక్తము కాఱుచుండఁగా ఎవరును లెక్కింపకుండుటచే అవసరమైనచో, అది అశ్రద్ధకు సాక్ష్యము. ఏది యేదియో తెలియవలెనన్న ఏ గంటకు ఏమి జరిగినదో వ్రాసియుండవలెను.

ఆలస్యము మూఁడుచోట్ల జరుగునని 1994 లో థాడియస్, మెయిన్ అను నిరువురు పరిశోధకురాండ్రు విడదీసి చెప్పిరి: ఆసుపత్రికిఁ బోవలెనని యింటివారు నిశ్చయించుటలో, దారిలో, చేరినపిమ్మట చికిత్స యందుటలో. మొదటిది మన చేతిలోనిది. కాన్పు ఆడుదానికి పునర్జన్మ యని మనవారు తేలికగ ననుచుందురు. ఆ మాటలో భయమున్నది, దయయున్నది, కాని సన్నాహము లేదు. అత్తగారి యనుమతికై, మంచి ఘడియకై, మగవారి రాకకై ఆగిన కుటుంబములు ఎన్ని ఆ పునర్జన్మను జన్మాంతముగఁ జేసికొనినవో!

తెలుగునాట ప్రసూతిమరణములు నిజముగ తగ్గినవి. 2018–20 నాఁటి ప్రభుత్వగణనమున లక్ష సజీవజననములకు తెలంగాణమున 43, ఆంధ్రప్రదేశమున 45 మంది తల్లులు చనిపోయిరి. దేశపు సగటు 97. దీనికి సంతోషింపవలసినదే. కాని క్రొత్త యపాయ మొకటి దొడ్డిదారిని వచ్చుచున్నది. 2019–21 కుటుంబారోగ్య సర్వేలో తెలంగాణమందలి కాన్పులలో నూటికి 60.7, ఆంధ్రప్రదేశమున 42.4 కడుపుకోసి చేసినవని తేలెను. దేశమంతటికి 21.5. నూటికి అఱువదిమంది తెలంగాణపు స్త్రీలకు జూలియా కవల్లీని కటివలయము ఉన్నదని యెవరును నమ్మరు. ముహూర్తములు, భయము, తీరిక లేమి, ధనము — కారణములలో ఎవరి వాటా యెంతయో చదువరులే ఊహింతురు గాక.

కోఁత కుదిరిన గర్భాశయమున మచ్చ మిగులును. తరువాతి గర్భమున మాయ క్రిందికి దిగి ఆ మచ్చపైఁ బడినచో, దాని వ్రేళ్లు కండలోనికి పాఁతుకొనిపోవును. అట్టి మాయ విడివడదు. లాగినచో రక్తము వరదయగును. 2006 లో అమెరికా దేశమున ప్రకటింపఁబడిన యొక పెద్ద పరిశీలనమున, మాయ క్రిందికి దిగిన తల్లులలో తొలి కోఁతయందు నూటికి 3 గురికి, రెండవదానియందు 11 మందికి, మూఁడవదానియందు 40 మందికి ఇట్లు పాఁతుకొనినదని తేలెను. నేఁడు కాన్పునందు గర్భాశయమును దీయుటకు ముఖ్యకారణములలో నిది యొకటి. అవసరము లేని మొదటి కోఁత యొక్క వెల రెండవ మూఁడవ కాన్పున చెల్లింపవలసివచ్చు ఋణము వంటిది. అవసరమైన కోఁతను నిందించుట నా యుద్దేశము గాదు. అడ్డముతిరిగిన బిడ్డకు, ముడుచుకొనిన కటివలయమునకు అది అమృతమే.

ఇచ్చట మఱియొక సంగతిని వేఱుపఱచవలెను. తెలుగునాట గర్భాశయము తీయించుకొనిన స్త్రీలు అధికము. 2015–16 సర్వేలో పదునైదు మొదలు నలువదితొమ్మిదేండ్ల లోపువారిలో ఆంధ్రప్రదేశమున నూటికి 8.9, తెలంగాణమున 7.7 మందికి గర్భాశయము లేదని తేలఁగా, దేశపు సగటు 3.2 మాత్రమే. ఇవి కాన్పునాఁటి అత్యవసరశస్త్రములు కావు. కడుపునొప్పికి, తెల్లబట్టకు, ఋతుబాధకు ముప్పదియేండ్లకే దీసివైచినవి పెక్కు. ఒకచోట ప్రాణము నిలుపుటకు వెనుకాడి గంటలు పోఁగొట్టుదురు. మఱియొకచోట ప్రాణభయమే లేనప్పుడు వెనుకాడక కోయుదురు. రెండింటను స్త్రీదేహము నిర్ణయించువారి వశమున నుండుటయే కనఁబడుచున్నది.

గర్భాశయమును నిలిపి రక్తమును ఆపు ఉపాయములు మన కాలమున పెరిగినవి. ఇంగ్లండునందలి మిల్టన్ కీన్సులో బి-లించ్ అను వైద్యుడు సడలిన గర్భాశయమును భుజములమీది పట్టీలవలె కుట్టుదారముతో అదిమి బంధించు కుట్టును 1997 లో ప్రకటించెను. ఢాకాలో సయీబా అఖ్తరు అను వైద్యురాలు కొనఁజాలని విదేశీపరికరమునకు బదులు, రబ్బరు గొట్టమునకు నిరోధుతొడుగును కట్టి, ఉప్పునీటితో నింపి, గర్భాశయములో నుబ్బించి రక్తమును నొక్కి నిలిపెను. బీదదేశపు బుద్ధి యెంతటిదో దీనిని జూచిన తెలియును. 2017 లో ఇరువదివేలమంది తల్లులపై ఇరువదియొక దేశములలో జరిగిన పరీక్షలో ట్రానెక్సామికు ఆమ్లమను చౌకమందు మూఁడుగంటల లోపల నిచ్చినచో రక్తస్రావమరణములు తగ్గునని తేలెను. గర్భాశయమును దీయుట మాత్రము తగ్గలేదు. ఏలయనఁగా పెక్కుచోట్ల మందు ఇచ్చు నిర్ణయమును కోయు నిర్ణయమును ఒకేసారి జరిగినవి. అనఁగా అప్పటికే ఆలస్యము.

శస్త్రము ముగిసిన పిమ్మటి కథ ఇంటిలో జరుగును. రక్తము గోల్పోయి, అవయవమును గోల్పోయి, ఒక్కొక్కసారి బిడ్డనుగూడ గోల్పోయి వచ్చిన పడుచును గొడ్రాలని పిలుచు నోళ్లు మన వీధులలో నింకను మూఁతపడలేదు. బిడ్డ దక్కనిచో మగనికి రెండవపెండ్లి మాట యెత్తు చుట్టములును లేకపోలేదు. ఆమెకు స్త్రీత్వము పోయినదనుట శాస్త్రవిరుద్ధము. అండకోశములు నిలిచియున్నచో దేహపు పోషకరసములు యథాప్రకారముగ నూరుచునే యుండును. ఋతుస్రావము, గర్భధారణ మాత్రమే లేవు. మెలఁకువ వచ్చినపిమ్మట ఏమి చేసిరో, ఏల చేసిరో ఆమెకే చక్కగ చెప్పవలెను. భర్తచేత సంతకము చేయించుకొనినంతనే విధి తీరినదని తలఁచు ఆసుపత్రులు ఈ పని చేయవు.

లెక్కలు వ్రాయుట యను శుష్కకార్యము ప్రాణములు నిలుపునని ఇంగ్లండు వారు 1952 లో తల్లుల మరణములపై రహస్యవిచారణ ప్రారంభించి చూపిరి. వైద్యులను శిక్షించుటకు గాక, ఎక్కడ ఏ గంటలో ఏమి తప్పినదో తెలిసికొనుటకు పేరులు దాఁచి చేసిన విచారణ అది. మన దేశమున కేరళ ప్రసూతివైద్యులు 2004 లో దానినే స్వీకరించిరి. 2014 లో భారతప్రభుత్వము, మరణము అంచువఱకు పోయి వచ్చిన తల్లుల కథలను గూడ నట్లే పరిశీలింపవలెనని సూచనలు వెలువరించెను. రక్తస్రావమునకు గర్భాశయము దీయించుకొని బ్రదికిన తల్లి ఆ జాబితాలోనిదే.

ఈ తప్పులలో మిక్కిలి సామాన్యమైనది కన్ను చేయు మోసము. బట్టలలోను, నేలమీదను పాఱిన రక్తమును కంటితోఁ జూచి అంచనా కట్టువారు ఎక్కువ పోయినప్పుడు తక్కువగనే చెప్పుదురు. 2023 లో కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియాలలో సుమారు ఎనుబది యాసుపత్రులలో రెండులక్షలకు పైబడిన కాన్పులందు జరిగిన పరీక్షలో తల్లి క్రింద కొలతగీఁతలుగల సంచివంటి పలుచని పట్టను పఱచిరి. రక్తము గీఁతను దాటినంతనే మర్దనము, మందులు, సెలైను, పరీక్ష అన్నియు ఒకదానికై ఒకటి ఆగకుండ ఒక్కసారి మొదలుపెట్టిరి. తీవ్రరక్తస్రావము, దానికై ఉదరము కోయుట, దానివలని మరణము కలిపి చూడఁగా నూటికి అఱువది వంతులు తగ్గెను. ఆ పట్టకు పావియాలోని ఇనుపతీగ ఉచ్చునకున్న ఖ్యాతి యింకను రాలేదు. దాని వెలయు స్వల్పము. మన పల్లెల ప్రాథమికారోగ్యకేంద్రములలో ఎన్నిచోట్ల అది బల్లమీద పఱవఁబడియున్నదో చూలాలిని తోడ్కొనిపోవు తల్లులు అత్తలు అడిగి తెలిసికొనవచ్చును.